పసుపంటిన జపాన్ గిన్నె

శాంటా క్లారా

మా అమ్మాయి హరిణికి జపాన్ మట్టిగిన్నెల పిచ్చి. పిచ్చి అనేది నా మాట, తను కలెక్షన్ అంటుంది. చేత్తో చేసిన టీ గిన్నెలు, వాళ్ళు బియ్యంతో చేసే సాకే అనే మద్యం పోసుకునే బుడ్లు, ఒక్క గుక్క పట్టే చిట్టి కప్పులు, ఇవన్నీ శాంటా క్లారాలో వాళ్ళ హాల్లో అరల నిండా ఉంటాయి. ఒక్కటీ తిన్నగా ఉండదు. ఒకటి పక్కకి ఒరిగి ఉంటుంది, ఇంకోటి వేళ్ళతో నొక్కేసినట్టు ఉంటుంది. మా కాకినాడలో ఎవరైనా ఇలాంటివి అమ్మడానికి తెస్తే గుమ్మంలోంచే పంపేసేదాన్ని. కిందటిసారి వచ్చినప్పుడు ఒక సాకే బుడ్డిలో నువ్వుల నూనె పోసి పొయ్యి పక్కన పెట్టుకున్నాను. సన్నటి మూతి, దోసె చుట్టూ నూనె వేసుకోవడానికి ఎంత వీలుగా ఉందో చెప్పలేను. హరిణి చూసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఈసారి నేను చేసిన నిర్వాకం ముందు ఆ నూనె బుడ్డి ఏపాటిది. ఆ నిర్వాకాన్ని కడుపులో దాచుకుని కాలిఫోర్నియా నుంచి ఆరెగాన్ దాకా మూడు రోజులు కార్లో వెళ్ళాను. దారిలో చూసిన కొండలూ పొలాలూ చెబుతాను కానీ, నా కళ్ళు సగంసేపు వెనక సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టిన చెక్కపెట్టె మీదే ఉన్నాయి.

ఆ పెట్టెలోని గిన్నె మాది కాదు. ఆరెగాన్‌లో హుడ్ రివర్ అనే ఊరి పక్కన పియర్ తోటల్లో మిసెస్ ఒకాడా అని ఎనభై ఆరేళ్ళ జపనీస్ అమెరికన్ ఆవిడ ఉంది. ఆవిడ భర్త నలభై ఏళ్ళపాటు ఏరి ఏరి పోగేసిన గిన్నెలు ఆ ఇంట్లో ఉన్నాయి. ఆయన పోయాక ఆవిడ వాటిని ఒక్కొక్కటీ మనుషులకి అప్పగిస్తోంది. అమ్మదు. ముందు రెండు నెలలు అరువిస్తుంది. రోజూ దాంట్లో టీ తాగాలి. గడువయ్యాక తెచ్చి చూపించాలి. ఆవిడ చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, నీదే ఉంచుకో అంటుంది, లేదా తీసుకుని లోపల పెట్టేస్తుంది. రెండో అవకాశం ఎవరికీ లేదు.

హరిణి మూడేళ్ళలో నాలుగుసార్లు ఆవిడ దగ్గరికి వెళ్ళింది. అంతకు ముందు ఏడాది దాని ఉద్యోగం పోయింది. ఎనిమిది నెలలు ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే, ఈ గిన్నెలే దాన్ని మళ్ళీ మనిషిని చేశాయని మా అల్లుడు చెబుతాడు. నేను దగ్గర లేను, అతను చెప్పిందే నాకు తెలుసు. నాలుగుసార్లూ ఆవిడ మాట్లాడి పంపేసింది. అయిదోసారి, మొన్న ఫిబ్రవరి ఆఖర్లో, గిన్నె చేతికిచ్చింది. ఆ రోజు హరిణి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. సంతోషం పట్టలేక అది ఏడవడం నేను దాని పెళ్ళిలో కూడా చూడలేదు.

నేను మార్చి మొదట్లో వచ్చాను. బియ్యం కడిగిన నీళ్ళ రంగు గిన్నె అది, పైపూత నిండా వెంట్రుకల్లాంటి పగుళ్ళు. టీ పోస్తూ ఉంటే ఆ పగుళ్ళలోకి రంగు దిగి, గిన్నె ఏళ్ళ తరబడి మారుతుందట. అడుగున పూత లేని ఒట్టి మట్టి అంచు, దాన్ని పాదం అంటారు. ఇదంతా హరిణి చెప్పింది. చెప్పిన రోజు శ్రద్ధగా విన్నాను కూడా.

అయినా ఉగాది నాడు ఏం చేశానో చూడండి. పొద్దున్నే తలంటుకుని దేవుడి దగ్గర దీపం పెట్టాను. ఇంట్లోకి కొత్త వస్తువేది వచ్చినా పసుపు రాసి బొట్టు పెట్టాకే వాడటం మాకు అలవాటు. కారుకైనా అంతే, మిక్సీకైనా అంతే. చెక్కపెట్టె కనబడింది. రిబ్బన్ ముడి విప్పకుండా పక్కకి లాగి, గిన్నె తీసి, పాదం చుట్టూ తడి పసుపు పట్టించి, కుంకుమ పెట్టి, దేవుడి ముందు ఉంచి, కాసేపయ్యాక తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. పిల్లలు ఇంకా లేవలేదు. అది మాది కాదన్న సంగతే నాకు తట్టలేదు.

ఏప్రిల్ ఆఖర్లో, బయల్దేరే ముందురోజు, హరిణి ఆఫీసు కాల్‌లో ఉండగా ఎందుకో అనుమానం వచ్చి గిన్నె తీసి చూశాను. పాదం ఆ పూటే రాసినంత పచ్చగా ఉంది. సింకు దగ్గరికి తీసుకెళ్ళి గిన్నెల సబ్బుతో రుద్దాను. పసుపు కాస్తా ఎర్రగా మారింది. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినదాన్ని. ఎందుకు, కాల్చనా ఆ చదువు.

ఎర్ర పాదంతోనే గిన్నెని పెట్టెలో పెట్టేశాను, మర్నాడు వేసుకున్న ప్రశ్నే వేసుకుంటూ కారెక్కాను. నేను వాకింగ్‌కి వెళ్ళినప్పుడు తను రోజూ దాంట్లోనే టీ తాగుతోందని హరిణి చెప్పింది. మరి చూడకుండా ఎలా ఉంటుంది? చూసే ఉంటుంది. చూసి, నన్నేమీ అనకుండా మింగుతోంది. అది కోప్పడితే భరిస్తాను, మింగితే భరించలేను.

రెడ్డింగ్

శాక్రమెంటో దాటాక రోడ్డుకి రెండు పక్కలా వరిపొలాలు వచ్చాయి. ఎంతమందికి తెలుసో కానీ అమెరికాలో కూడా మడి కట్టి నీళ్ళు పెట్టి వరి పండిస్తారు. గట్లు తిన్నగా ఉన్నాయి, కొంగలు కూడా ఉన్నాయి. మనుషులే లేరు. ఒక చిన్న విమానం చాలా కిందకి వచ్చి విత్తనాలు చల్లి పోతోంది. నారు లేదు, ఊడ్పు లేదు, పాట లేదు, కూలీకి టీ లేదు. నేను ఇదంతా అంటుంటే హరిణి ఊ కొట్టింది. మామూలుగా అయితే ఎకరానికి ఎన్ని బస్తాలు పండుతాయో ఫోన్‌లో చూసి చెప్పేది.

"ఏంటే, ఒంట్లో బాగోలేదా?" అన్నాను.

"బానే ఉన్నానమ్మా. జస్ట్ డ్రైవ్ చేస్తున్నా కదా."

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో ఆగాం. మంచినీళ్ళు అడిగితే గ్లాసు అంచుకి నిమ్మచెక్క గుచ్చి తెస్తారు, దానికి డబ్బులు తీసుకోరు. ఒక ప్లేటు ఆమ్లెట్ పదహారు డాలర్లు, నిమ్మకాయ ఉచితం. నిమ్మ పులుపు తగిలితే ఎర్రబడిన పసుపు మళ్ళీ పచ్చబడుతుంది, ఆ పచ్చదనం ఎండకి వెలుస్తుంది. ఈమాత్రం కెమిస్ట్రీ ఆ టేబుల్ దగ్గర గుర్తొచ్చింది. హరిణి చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే రెండు నిమ్మచెక్కలు కాగితంలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పడేశాను. వడ్డించే అమ్మాయి చూసింది. ఇంకో గ్లాసు నీళ్ళు, ఇంకో నిమ్మచెక్క తెచ్చి పెట్టి వెళ్ళింది.

మూడింటికి రెడ్డింగ్ చేరాం. ఎండ మండిపోతోంది, అదొక్కటే నాకు కలిసొచ్చింది. హరిణి పాలు, పళ్ళు కొనడానికి వెళ్ళింది. పెట్టె గదిలోనే ఉంది. తలుపు గడియ పెట్టి, ఈసారి తొందరలో రిబ్బన్ ముడే విప్పేసి, పాదానికి నిమ్మరసం పట్టించాను. ఎరుపు పోయింది, పసుపు తిరిగొచ్చింది. తడి తుడిచి కిటికీలో ఎండ పడేచోట తువ్వాలు పరిచి గిన్నెని బోర్లించాను. పక్కనే నిలబడి, కిటికీ చట్టం మీద చెయ్యి తీయకుండా కాపలా కాశాను.

తలుపు కొట్టిన చప్పుడైంది. ఆ మోటెల్ నడిపే జయాబెన్, గుజరాతీ ఆవిడ, నా వయసుదే. సబ్బులు ఇవ్వడానికి వచ్చింది. తలుపు సందులోంచే కిటికీ చూసింది, గిన్నె చూసింది, నిమ్మచెక్క చూసింది.

"హల్దీ?" అంది, పసుపా అని.

అంతే, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వచ్చీరాని హిందీలో మొత్తం చెప్పేశాను. ఆవిడ మంచం అంచున కూర్చుని విన్నది. వాళ్ళూ అంతేనట, మోటెల్ కొత్తగా తీసుకున్నప్పుడు గదుల తాళాలన్నిటికీ కుంకుమ పెట్టిందట.

"మరక పోదు బెన్," అంది, అక్కా అన్నట్టు. "తగ్గుతుంది, పోదు. ఆ ముసలావిడ చూడకముందే మీ అమ్మాయికి చెప్పు. వేరేవాళ్ళ నోటి నుంచి వింటే మనసు విరిగిపోతుంది."

"రేపు చెబుతాను."

"రేపు అన్నావంటే ఎల్లుండి చెబుతావు."

బయట కారు తలుపు వేసిన చప్పుడు వినబడింది. జయాబెన్ లేచి వరండాలోకి వెళ్ళి, హరిణిని ఆపి, పొద్దున టిఫిన్ ఎన్నింటికి, కాఫీ ఎక్కడుంటుంది అని అడగని సంగతులన్నీ చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ పుణ్యమా అని నాకు రెండు నిమిషాలు దొరికాయి. గిన్నెకి గుడ్డ చుట్టి పెట్టెలో పెట్టాను. రిబ్బన్ దగ్గర చేతులు ఆడలేదు. దానికొక ప్రత్యేకమైన ముడి ఉంది, కిందనుంచి తెచ్చి మడతపెట్టి వేయాలి. నాకు వచ్చింది పూలదండ ముడి. అదే వేశాను. హరిణి లోపలికి వచ్చి పెట్టె వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. ముడి గురించి మాట్లాడలేదు. గిన్నె తీసి చూసుకోనూ లేదు. అంత ప్రాణంగా తెస్తున్న గిన్నెని దారిలో ఒక్కసారైనా తీసి చూసుకోదేమిటి? నేను చేసింది దానికి తెలుసు, అందుకే, అనుకున్నాను.

ఆష్‌లాండ్

రెండో రోజు శాస్తా కొండ కనబడింది. నిలువునా మంచు, పక్కన ఇంకో కొండ లేదు. గంటసేపు మా ముందే ఉంది, ఎన్ని మలుపులు తిరిగినా వదలలేదు. చాలా గొప్పగా ఉంది. అంతకన్నా రాయడానికి నా బుర్ర అక్కడ లేదు. ఎలా మొదలుపెట్టాలా అని వాక్యాలు కూర్చుకుంటున్నాను. "అమ్మా హరిణీ, ఉగాది రోజు" అని మొదలుపెడితే బాగుంటుందా, "నువ్వు కోప్పడకుండా ఉంటానంటే" అని మొదలుపెట్టాలా? కనుమ దాటి ఆరెగాన్ వచ్చేసింది, నేను ఇంకా మొదటి వాక్యంలోనే ఉన్నాను.

ఆష్‌లాండ్‌లో హరిణికి తెలిసిన కుండల దుకాణం ఉంది. నడిపేది గడ్డం నెరిసిన అమెరికన్, పేరు వాల్టర్. జపాన్‌లో పదేళ్ళు కుండలు కాల్చే ఆవం దగ్గర పనిచేసి వచ్చాడట. నన్ను కూర్చోబెట్టి ఒక సాకే బుడ్డి చేతికిచ్చాడు. రెండొందల నలభై డాలర్లు. అందులో నీళ్ళు పోసి, ఒంపితే టొక్ టొక్ మని చప్పుడు వస్తుంది, ఆ చప్పుడు విని మంచి బుడ్డో కాదో చెబుతారు. సాకే ఎవరికి వాళ్ళు పోసుకోకూడదట. పక్కవాడి కప్పు ఖాళీ అయితే మనం పోయాలి, మనది వాడు చూసుకోవాలి. మన బంతిలో వడ్డన కూడా అంతేనని చెబితే సంతోషించాడు. ఇంట్లో ఇలాంటి బుడ్డిలో నువ్వుల నూనె పోశానని మాత్రం చెప్పలేదు.

అతని చూపు హరిణి చంకలోని పెట్టె మీద పడింది. కార్లో ఉంచితే ఎండకి పాడవుతుందని లోపలికి తెచ్చుకుంది.

"అది ఒకాడా గారి ఇంటిది కదూ. ఒక్కసారి చూడొచ్చా? ఆయన బతికుండగా చూశాను, మళ్ళీ చూడలేదు," అన్నాడు.

హరిణి పెట్టెని గట్టిగా పట్టుకుంది.

"సారీ, ఇప్పుడు తీయను," అంది. "తిరిగి వచ్చేటప్పుడు చూపిస్తాను."

"ఎలా మారింది? రెండు నెలల్లో లోపలి పగుళ్ళు తేనెరంగుకి తిరిగి ఉండాలే."

"వెళ్దామమ్మా, లేట్ అవుతోంది," అని హరిణి లేచింది. అతని చేతిలో టీ కెటిల్ అలాగే ఉండిపోయింది. మా అమ్మాయి ఎవరితోనైనా అంత మర్యాద తప్పి ప్రవర్తించడం నేను చూడలేదు. అది నన్ను కాపాడుతోందని నాకు అర్థమైంది, అంటే అర్థమైందనుకున్నాను. బయటికొచ్చాక దాని చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డలా ఉంది. అప్పుడైనా చెప్పేయాల్సింది. అంతలో అది కారు స్టార్ట్ చేసింది, నేను సీటు బెల్టు పెట్టుకున్నాను.

ఆ రాత్రి యూజీన్‌లో బస. పులిహోర తెచ్చుకున్నాం, ఇద్దరం రెండు ముద్దలు తిని మూతపెట్టేశాం.

హుడ్ రివర్

మూడో రోజు పోర్ట్‌లాండ్ దాటాక కొలంబియా నది పక్కనే దారి. మా గోదావరిని చూసిన కళ్ళకి ఏ నదీ ఆనదని నాకు పొగరు. ఇది ఆనింది. రెండు పక్కలా నల్లటి రాతికొండలు, వాటి మీదనుంచి జలపాతాలు, నది మీద ఈడ్చి కొట్టే గాలి. హుడ్ రివర్ దగ్గర నది వదిలి పైకెక్కితే పియర్ తోటలు. పూత అయిపోయి తెల్లటి రేకులు రోడ్డంతా రాలి ఉన్నాయి.

ఒకాడా గారి తోట గేటు కనబడగానే "కారు ఆపు" అన్నాను.

హరిణి ఆపింది. చెప్పేశాను. కూర్చుకున్న వాక్యాలేవీ రాలేదు. పసుపు, ఉగాది, సబ్బు, నిమ్మచెక్క, జయాబెన్ అన్నీ కలిపి కక్కేశాను. "ఎంత తిట్టుకున్నా సరే, నీ నోటితో ఒక మాట అనవే," అన్నాను.

అది నా వైపు తిరిగింది. మొహంలో నెత్తురు లేదు. కోపమూ లేదు.

"నేను చూళ్ళేదమ్మా," అంది.

"రోజూ దాంట్లో తాగేదానివి, చూడకపోవడమేంటే?"

అది స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కాసేపు రాలిన రేకుల్ని చూసింది. తర్వాత కారు గేటు లోపలికి పోనిచ్చింది. అప్పుడు నాకు మొదటిసారి, నా పసుపు కాక ఇంకేదో ఉందని భయం పట్టుకుంది.

గుమ్మం బయట చెప్పులు విప్పాలి. అమెరికాలో ఇన్ని వారాల తర్వాత ఒక పరాయి ఇంట్లో చెప్పులు విప్పుతుంటే హాయిగా ఉండాల్సింది. మిసెస్ ఒకాడా నా భుజం దాకా కూడా రాదు, వెన్ను మాత్రం నిటారు. చేతులు తోటపని చేసిన చేతులు. చాప మీద కూర్చోబెట్టి, పెట్టె ముందు పెట్టుకుని, ముందు రిబ్బన్ చూసింది.

"ఇది నీ ముడి కాదు," అంది హరిణితో.

"నాది," అన్నాను. ఇంగ్లీషులో, తప్పులతో, మళ్ళీ మొత్తం చెప్పాను. ఈసారి చెప్పడం తేలికైంది, సిగ్గు ముందే అయిపోయింది కాబట్టి. ఆవిడ వింటూనే గుడ్డ విప్పి, గిన్నె బోర్లించి, పాదం చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇంటికి కొత్తగా వచ్చినవాటికి ఇలా చేస్తారా?"

"చేస్తాం."

తల ఊపింది. గిన్నె ఇటు తిప్పింది. లోపల చూసింది. లేచి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పట్టుకుని, బొటనవేలితో లోపలంతా నెమ్మదిగా తడిమింది. పాదం చూడటానికి పట్టినదానికి పదింతలు సేపు లోపల చూసింది. అక్కడ నేను పసుపు రాయలేదే, ఏం చూస్తోంది అనుకున్నాను.

"ఎన్నిసార్లు తాగావు?" అంది, వెనక్కి తిరగకుండానే.

హరిణి చాప అంచు సవరించింది.

"హరిణీ," అంది ఆవిడ మళ్ళీ.

"ఒక్కసారి కూడా లేదు," అంది మా అమ్మాయి.

హరిణి ఒళ్ళో చేతులు చూసుకుంటూ చెబుతోంది. రోజూ పొద్దున నీళ్ళు కాచేదట. పెట్టె టేబుల్ మీద పెట్టుకునేదట. రిబ్బన్ ముట్టుకోగానే చేతులు వణికేవట. జారితే? సింకులో తగిలితే? వేడికి చిట్లితే? రేపు తాగుదాం అనుకుని మామూలు మగ్గులో తాగేసేదట. మొదటి రోజు తీసి చూసి మూసినదే, మళ్ళీ తీయలేదట. నాకు అబద్ధం చెప్పింది, వాళ్ళాయనకి చెప్పింది, దారి పొడుగునా ఇదే మోసుకొచ్చింది. వాల్టర్ దుకాణంలో అది కాపాడుకున్నది నన్ను కాదు.

"ఐ వాంటెడ్ ఇట్ టూ మచ్," అంది చివరికి. మరీ ఎక్కువగా కావాలనుకున్నానని, అందుకే ముట్టుకోలేకపోయానని.

మిసెస్ ఒకాడా వచ్చి మళ్ళీ చాప మీద కూర్చుంది. కోపంగా మాట్లాడలేదు, అదే కష్టంగా ఉంది. ఆవిడ పసిపిల్లగా ఉన్నప్పుడు జపాన్‌తో యుద్ధం వచ్చింది. జపాన్ మూలాలున్న కుటుంబాల్ని అమెరికా ప్రభుత్వం నిర్బంధ క్యాంపులకి తరలించింది. వాళ్ళమ్మ వెళ్ళేముందు పుట్టింటి నుంచి తెచ్చుకున్న మంచి గిన్నెలన్నీ గుడ్డల్లో చుట్టి, పెట్టెల్లో పెట్టి, తెలిసినవాళ్ళ కొట్టంలో దాచిందట. మూడేళ్ళ తర్వాత తిరిగి వస్తే కొట్టంలో పెట్టెలు లేవు. "అమ్మ చనిపోయేదాకా బాధపడుతూనే ఉంది. గిన్నెలు పోయినందుకు కాదు, పండగలకని దాచి వాటిలో ఒక్కసారీ తాగనందుకు. నా భర్తకి ఈ సంగతి తెలుసు. ఈ ఇంట్లో గిన్నె పగలొచ్చు. దాచకూడదు."

గిన్నెని చాప మీద, మా ఇద్దరి మధ్యా పెట్టింది.

"పసుపుకి నాకేమీ అభ్యంతరం లేదు," అంది నాతో. "ఈ రెండు నెలల్లో దీన్ని నమ్మి ముట్టుకున్నది మీరొక్కరే." హరిణి వైపు తిరిగింది. "ఇది ఇక్కడ ఉంటుంది."

హరిణి తల ఊపింది. బతిమాలలేదు. నేను బతిమాలబోయాను, నా మోకాలి మీద చెయ్యేసి ఆపింది.

ఆవిడ అక్కడే నీళ్ళు కాచి, ఆ గిన్నెలోనే పచ్చటి టీ పొడి వేసి, చిన్న వెదురు కుంచెతో గిలక్కొట్టింది. చిక్కటి టీ అయితే ఒకే గిన్నెలోంచి అందరూ తాగుతారు, ఒకరి తర్వాత ఒకరు, అంచు తుడిచి అందిస్తూ. ఎంగిలి అంటే ఆమడ దూరం పోయే మనిషిని నేను, మా ఆయన గ్లాసులో కూడా నీళ్ళు తాగను. ఆవిడ గిన్నెని ముందు హరిణికి ఇచ్చింది. అది రెండు చేతులతో పట్టుకుంది. వేళ్ళు వణికాయి కానీ జారలేదు. తాగింది. ఆ గిన్నెలో మా అమ్మాయి తాగిన మొదటి టీ అదే, గిన్నె తనది కాదని తెలిశాక. తర్వాత నేను తాగాను. కరివేపాకు నమిలినంత చేదుగా, చిక్కగా ఉంది. దాని పెదవులు తగిలిన చోటే తాగాను, తిప్పలేదు.

తిరుగుదారి

పెట్టె లేని వెనక సీటు వైపు చూడకుండా గంటన్నర ప్రయాణం చేశాం. నేనే నోరు విప్పాను. ఒకాడా గారి చాప మీద కూర్చున్నప్పుడే నాకు మా షోకేసు గుర్తొచ్చింది.

కాకినాడలో మా ఫ్లాటులో షోకేసు ఉంది. దాంట్లో మా పెళ్ళికి మా మేనమామ కలకత్తా నుంచి తెచ్చిచ్చిన పింగాణీ కప్పులు, పన్నెండు, బంగారు అంచువి. నలభై ఏళ్ళయింది. ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే తీద్దామని తాళం వేశాను. అంత పెద్దవాళ్ళు ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. దుమ్ము దులపడానికి తాళం తీసిన రోజు హరిణి, అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు, ఒక కప్పు తీసి పాలు పోసుకుంటే, కప్పు నెమ్మదిగా దాని చేతిలోంచి తీసుకుని, తర్వాత చెంప మీద కొట్టాను. ముందు కప్పు తీసుకున్నాను. ఆ వరస నాకు ఈ రోజుకీ గుర్తుంది.

"నీకు గుర్తుందా?" అన్నాను.

"ఉందమ్మా," అంది, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.

"సారాయి బుడ్డి అనుకుని దాంట్లో నూనె పోశాను, మట్టిగిన్నె అనుకుని దీనికి పసుపు రాశాను. విలువైనదని తెలిస్తే నేనూ తాళమే వేసేదాన్ని. నీ చేతులకి ఆ వణుకు పెట్టింది నేనే. నన్ను క్షమించవే," అన్నాను. నా కూతురికి క్షమాపణ చెప్పడం అదే మొదటిసారి. అది ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం ఆరింటికి యూజీన్‌లో గది తీసుకున్నాం. అప్పటికి కాకినాడలో తెల్లవారి ఆరున్నర, మా ఆయన కాఫీ కలుపుకునే వేళ. ఆయనకి ఫోన్ చేసి, హరిణికి వినబడేలా స్పీకర్‌లో పెట్టాను.

"ఏవండీ, నా బీరువా పై అరలో షోకేసు తాళం ఉంది. తీసి, ఆ బంగారు అంచు కప్పు ఒకటి కడుక్కుని, కాఫీ అందులో పోసుకుని తాగండి," అన్నాను.



"ఎవరొస్తున్నారు?" అన్నారు, గొంతు తగ్గించి.

పక్క మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న హరిణి ఇటు తిరిగింది.

"చెప్పమ్మా," అంది. "ఎవరూ రావట్లేదని చెప్పు."